రెక్కలకు గంజి

శ్రీకాకుళము ప్రాంతమందలి పొందూరు సన్నని ఖద్దరుకు పేరుగన్నది. అచ్చట వాలుగచేప దవడతో దూదిని దువ్వి, సన్నని నూలు వడకుదురు. ఎంత మంచి నూలైనను, పడుగునకు గంజి పెట్టనిచో మగ్గముపై ఒరిపిడికి నిలువక తెగిపోవును. దారమునకు తగిన పూతయు కావలెను. ఈ నియమము చీరకే కాదు, విమానమునకును వర్తించును.

విమానమునకు గుడ్డ యేమిటని మీకు వింతగా తోచవచ్చును. 1903వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన రైటు సోదరులు ఎగిరించిన విమానపు రెక్కలకు కప్పినది నూలు వస్త్రమే. 1958లో బెంగుళూరున తొలిసారి ఎగిరి, పిమ్మట మన దేశమున ఎందరికో విమానము నడపుట నేర్పిన ‘పుష్పక్’ కూడ గుడ్డ కప్పిన విమానమే. గుడ్డ తేలికయైనది, చినిగినచోట అతుకు వేయుట సులభము.

కాని గుడ్డ సందులగుండ గాలి దూరును. గుడ్డ వదులైనచో రెక్క ఆకృతి చెడును. విమానమును మోయు బలము తగ్గును. మరి గంజి పెట్టరాదా? తొలి వానకే అది కరగిపోవును. కావున నీటికి కరగక, ఆరునపుడు గుడ్డను బిగించునట్టి లేపనము కావలసి వచ్చినది. దానినే ‘డోపు’ అందురు.

విచిత్రమేమనగా, ఈ డోపు కూడ ప్రత్తి సంతానమే! ప్రత్తిలోని సెల్యులోజును ఆమ్లములతో మార్చి, ద్రావకములో కరగించి దీనిని చేయుదురు. పూసిన పిదప ద్రావకము ఆవిరియై పోవును. మిగిలిన పొర ముడుచుకొనుచు, గుడ్డను డోలుచర్మమువలె బిగించును.

డోపులలో నైట్రేటు రకము గుడ్డను గట్టిగా పట్టును. కాని నిప్పు సోకిన భగ్గున మండును. బ్యూటిరేటు రకము అంత త్వరగా మండదు. కాని గుడ్డను అంతగా పట్టదు. అందుచే మొదట నైట్రేటును, దానిపై బ్యూటిరేటును పూయుట వాడుక. వరుస తారుమారైనచో పై పొర నిలువక ఊడిపోవును. ఎండలోని అతినీలలోహిత కిరణములు దారమును శిథిలము చేయును గనుక, అల్యూమినియము పొడి కలిపిన పూతలును వేయుదురు.

మనవంటి సముద్రతీర వాసులు ఎరుగదగిన సంగతి మరియొకటి కలదు. ద్రావకము వేగముగా ఆవిరియగునపుడు రెక్క పైభాగము చల్లబడును. చల్లని నీటిచెంబు వెలుపల చెమర్చినట్లు, గాలిలోని తేమ దానిపై చేరును. అపుడు డోపు తెల్లబారి, పొర బలహీనమగును. కావున ముసురు పట్టిన దినమున డోపు పూయరాదు.

పూయువాని క్షేమమును చూడవలెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండులో ఒక రకపు డోపునకు టెట్రాక్లోరోఈథేను అను ద్రావకమును వాడిరి. దాని ఆవిరిని పీల్చిన పనివారికి కాలేయము చెడి, కామెర్లు సోకెను, కొందరు మరణించిరి. ఎగురువాని ప్రాణమును కాపాడునది పూయువాని ప్రాణమును తీయరాదు కదా!

గుడ్డను చట్రమునకు అంటించు జిగురును అట్లే ఎంచవలెను. అది లోహమును, గుడ్డను రెంటిని పట్టవలెను. పైన పూయు లేపనముతో పొంతన కుదరవలెను. జిగురునొక్కదానినే నమ్మక, రెక్కలోని బద్దలకు గుడ్డను తరచు దారముతో కుట్టుదురు.

నేడు నూలుగుడ్డకు మారుగా పాలియెస్టరు గుడ్డ హెచ్చుగా వాడుకలో నున్నది. దానిని ఇస్త్రీపెట్టె వేడితో బిగింతురు. ఆపైన మరల బిగించెడు డోపును పూసినచో, బిగువు మితిమీరి చట్రమే వంగిపోవచ్చును. నూలుకు మేలు చేసినదే ఇచ్చట కీడు చేయును! అందుచే గుడ్డ, జిగురు, పూతలు మూడింటిని కలిపి పరీక్షించి, ఒక జట్టుగా ఆమోదింతురు. తెలిసిన పనివాడు ఒక జట్టులోని వస్తువును మరియొక జట్టులో కలుపడు.

వేర్వేరుగా చూచినపుడు ప్రతి వస్తువును మంచిదే కావచ్చును. ఒకదానితో నొకటి పొసగినపుడే రెక్క నిలుచును. ఆ రెక్కను నమ్మి ఎగిరినవాడు క్షేమముగా నేలకు దిగును.