పాఠం విడిగా, సాధన జంటగా

గోల్ఫ్ కర్ర బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు. 72 దెబ్బల్లో ఆట ముగించే మొనగాడు నాలుగు గంటలపాటు మైదానమంతా తిరుగుతాడు. ఆ నాలుగు గంటల్లో కర్రా బంతీ కలిసి ఉన్న సమయమంతా కూడినా సెకనులో పాతికో వంతు దాటదు. రెప్పపాటు కూడా ఇంతకంటే ఎక్కువే. ఆ పిసరంత సమయం కోసం నెలల తరబడి పాఠాలు, బుట్టలకొద్దీ బంతులు, అరచేతుల నిండా బొబ్బలు. మిగతా సమయమంతా నడక, లెక్కలు, పక్కవాడేమనుకుంటున్నాడో అన్న బెంగ.

బయటినుంచి చూస్తే ఇది ఒంటరి ఆట. పాస్ ఇచ్చేవాడు లేడు, క్యాచ్ వదిలేశాడని తిట్టుకోవడానికి ఫీల్డరూ లేడు. కానీ నేర్చుకునే దశలోకి తొంగిచూస్తే గొప్పవాళ్లలో చాలామంది పక్కన ఓ జతగాడో జతగత్తో కనిపిస్తారు.

ఆట మీద తొలి సర్కారీ కాగితమే తమాషాగా ఉంటుంది. 1457లో స్కాట్లాండ్ పార్లమెంటు గోల్ఫ్‌నీ ఫుట్‌బాల్‌నీ నిషేధించింది. కుర్రాళ్లు విలువిద్య సాధన ఎగ్గొట్టి వీటి వెంట పడుతున్నారని ఫిర్యాదు. అంటే గోల్ఫ్ చరిత్ర మొదలైందే సాధన ఎగవేత కేసుతో. 1502లో అదే దేశపు రాజు నాలుగో జేమ్స్ తనకోసం గోల్ఫ్ కర్రలు కొనుక్కున్నాడు. ఎవరి దగ్గరో తెలుసా? పెర్త్ పట్టణంలో విల్లులు చేసే ఆసామి దగ్గర!

గోల్ఫ్ పాఠాన్ని మొట్టమొదట కాగితం మీద పెట్టింది గురువు కాదు, విద్యార్థి. ఎడిన్‌బరోలో వైద్యం చదువుతున్న థామస్ కిన్‌కెయిడ్ 1687లో స్నేహితులతో ఆడి వచ్చి, ఎలా నిలబడాలో, ఒళ్లు ఎలా తిప్పాలో తన డైరీలో రాసుకున్నాడు. అంతటితో ఆగక ఆ సూత్రాలన్నిటినీ పద్యంగా కట్టుకున్నాడు. ఎక్కాలూ తిథులూ పాటగా వల్లెవేసిన మనకు ఈ కిటుకు కొత్తేమీ కాదు. ఆ తర్వాత గోల్ఫ్ నేర్పే పుస్తకం అచ్చులోకి రావడానికి 170 ఏళ్లు పట్టింది. 1857లో వచ్చిన ఆ పుస్తకాన్ని హెచ్. బి. ఫార్నీ మారుపేరుతో రాశాడు. ఆయన తర్వాత లండన్ సంగీత నాటకాలకు మాటలూ పాటలూ రాస్తూ స్థిరపడ్డాడు. గోల్ఫ్ పాఠం చెప్పడానికి కాస్త నాటకం కూడా తెలిసుండాలేమో.

ఇక పిల్లల ముఠా సంగతి. అమెరికాలో అట్లాంటా శివార్లలో ఈస్ట్ లేక్ అనే మైదానం ఉంది. స్కాట్లాండ్‌లోని కార్నూస్టీ నుంచి వచ్చిన స్టివర్ట్ మెయిడెన్ అక్కడ గురువు. మనిషి మితభాషి. ఆయన వెనకాలే తోకలా తిరిగే పిల్లవాడు బాబీ జోన్స్. కూర్చోబెట్టి పాఠం చెప్పించుకున్నది తక్కువ, ఆయన కొడుతుంటే గుడ్లప్పగించి చూసి, ఇంటి దగ్గర అచ్చం అలాగే కొట్టింది ఎక్కువ. ఏకలవ్యుడి బాపతు. కాకపోతే ఇక్కడ గురువు బొటనవేలు అడగలేదు. ఆ మైదానంలోనే పెరిగిన పెర్రీ అడెయిర్, నాలుగైదేళ్లు పెద్దదైన అలెక్సా స్టిర్లింగ్ అతని జట్టు.

బాబీకి ఆరేళ్లప్పుడు ఈ పిల్లలకు ఆరు రంధ్రాల పందెం పెట్టారు. మూడంగుళాల వెండి కప్పు బాబీ చేతికి వచ్చింది. వాడు ఆ రాత్రి దాన్ని పక్కలో పెట్టుకుని పడుకున్నాడు. కానీ ఆ రోజు నిజంగా గెలిచింది అలెక్సాయేనని పెద్దయ్యాక తనే రాసుకున్నాడు. ఆ బాబీ 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్లూ గెలిచాడు. అలెక్సా 1916, 1919, 1920లలో అమెరికా మహిళల అమెచ్యూర్ చాంపియన్ అయింది. 1917, 18లలో యుద్ధం వల్ల ఆ పోటీలే జరగలేదు కనుక, వరసగా మూడు అన్నమాట. ఒకే గురువు, ఒకే గడ్డి, ఒకే కప్పు మీద తగాదా. ఆ చిన్నప్పటి తగాదా విలువ ఎంతని ఏ కోచింగ్ ఫీజులో కట్టగలం?

టెక్సస్‌లోనూ ఇలాంటి జంటే ఒకటుంది. ఫోర్ట్‌వర్త్‌లోని గ్లెన్ గార్డెన్ క్లబ్బులో సంచులు మోసే కేడీ కుర్రాళ్లకు 1927లో ఓ పోటీ పెట్టారు. ఇద్దరు సమానంగా నిలిచారు. మళ్లీ ఆడిస్తే ఒక్క దెబ్బ తేడాతో గెలిచినవాడు బైరన్ నెల్సన్, ఓడినవాడు బెన్ హోగన్. ఇద్దరూ 1912లోనే పుట్టారు. నెల్సన్ 1945లో వరసగా 11 టోర్నమెంట్లు గెలిచాడు. ఆ రికార్డు దరిదాపులకు ఇప్పటికీ ఎవరూ వెళ్లలేదు. హోగన్ పైకి రావడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. బహుశా అందుకే సాధన అంటే హోగన్ పేరే చెబుతారు. 1949లో అతని కారును బస్సు గుద్దింది. మళ్లీ నడుస్తాడో లేదో అనుకున్న మనిషి మరుసటి ఏడాదే యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. 1957లో ఆయన తన విద్యనంతా అయిదు పాఠాలకు కుదించి పుస్తకం వేస్తే, నేటికీ అది కొత్తవాళ్ల చేతుల్లో తిరుగుతూనే ఉంది.

పాఠం చెప్పేవాళ్లలో నాకు బాగా నచ్చినవాడు హార్వీ పెనిక్. టెక్సస్‌లోని ఆస్టిన్ కంట్రీ క్లబ్బులో ఎనిమిదేళ్ల వయసులో కేడీగా చేరి, అక్కడే గురువై, అక్కడే ముసలివాడయ్యాడు. శిష్యుల్లో గమనించినవన్నీ ఒక ఎర్ర నోటుబుక్కులో రాసుకుని, కొడుక్కి తప్ప ఎవరికీ చూపకుండా దాచాడు. 87 ఏళ్ల వయసులో, 1992లో, దాన్ని పుస్తకంగా బయటపెడితే అది క్రీడా పుస్తకాల అమ్మకాల్లో చరిత్ర సృష్టించింది. మహిళల టూర్‌లో 88 విజయాలు సాధించిన కేథీ విట్‌వర్త్ ఆయన దగ్గర దిద్దుకున్న శిష్యురాలే.

ఆయన దగ్గర ఒకే కాలంలో ఇద్దరు కుర్రాళ్లు పెరిగారు: టామ్ కైట్, బెన్ క్రెన్‌షా. ఒకడు గంటల తరబడి చెమటోడ్చే రకం. రెండోవాడు చేతిలో విద్య పుట్టుకతోనే ఉన్న రకం. ఇద్దరూ కలిసి ఆడవచ్చు, కొట్టుకోవచ్చు. కానీ ఒకడి పాఠం జరుగుతుంటే రెండోవాడిని చూడనిచ్చేవాడు కాదు పెనిక్. వాడికి పనికొచ్చే మందు వీడికి విషం కావచ్చని ఆయన లెక్క. చెప్పిన చిట్కాను అతిగా వాడేస్తారని కూడా ఆయనకు భయం. తలనొప్పికి ఒక మాత్ర ఇస్తే సీసా ఖాళీ చేసే శిష్యులను ఆయన చాలామందిని చూశాడు. 1972లో అమెరికా కాలేజీల వ్యక్తిగత చాంపియన్‌షిప్‌లో ఈ ఇద్దరూ సమానంగా నిలిచి టైటిల్ పంచుకున్నారు. పెనిక్ మంచానపడ్డాక కూడా, పడకమీదినుంచే క్రెన్‌షాకు చివరి పటింగ్ (బంతిని రంధ్రంలోకి దొర్లించడం) పాఠం చెప్పాడు. ఆయన 1995 ఏప్రిల్ 2న పోయాడు. మాస్టర్స్ పోటీ మొదలవడానికి ముందురోజు క్రెన్‌షా గురువుగారి శవపేటిక మోసి వెనక్కి వచ్చాడు. ఆదివారం నాడు, 43 ఏళ్ల వయసులో, ఆ మాస్టర్స్ గెలిచి, ఆకుపచ్చ గడ్డి మీద నడుం వంచి ముఖం కప్పుకుని ఏడ్చాడు.

ఇవన్నీ కథలంటారా? ప్రయోగశాలకూ వెళ్దాం. 1999లో గాబ్రియెల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు రెండు విషయాలు తేల్చారు. మొదటిది: ఊగే పలక మీద తూకంగా నిలబడే పని నేర్పినప్పుడు, వంతులవారీగా ఒకరు చేస్తుంటే ఒకరు చూస్తూ, మధ్యలో మాట్లాడుకున్న జంటలు ఒంటరిగా సాధన చేసినవాళ్లకంటే బాగా నిలదొక్కుకున్నాయి. రెండోది గోల్ఫ్ మీదే. చేతులు ఎలా కదులుతున్నాయో పట్టించుకున్న కొత్తవాళ్లకంటే, కర్ర ఎలా ఊగుతోందో పట్టించుకున్నవాళ్లు గురిగా కొట్టారు. అంటే మోచేయి మీద ధ్యాస పెట్టినంతసేపూ బంతి మన మాట వినదు.

పాఠాలు మరీ ఎక్కువైనా ప్రమాదమే. 1992లో మాస్టర్స్ అనే పరిశోధకుడు (ఆ పోటీకీ ఇతనికీ సంబంధం లేదు, ఇంటిపేరే అది) కొందరికి పటింగ్ సూత్రాలు వివరంగా చెప్పాడు. మరికొందరికి ఏమీ చెప్పకుండా, కొడుతున్నంతసేపూ నోటితో అడ్డదిడ్డంగా అక్షరాలు పలుకుతూ ఉండమన్నాడు. ఒత్తిడి పెట్టి పరీక్షిస్తే తడబడింది సూత్రాలు తెలిసినవాళ్లు. అక్షరాలు వల్లించినవాళ్లు చక్కగా కొట్టుకుంటూ పోయారు.

పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా నిపుణుడవుతారా? పోర్ట్‌లాండ్‌కు చెందిన డాన్ మెక్‌లాఫ్లిన్ 2010లో ఫొటోగ్రాఫర్ ఉద్యోగం వదిలి ఇది తేల్చడానికే కూర్చున్నాడు. మొదటి కొన్ని నెలలు పటర్ తప్ప మరో కర్ర ముట్టలేదు, రంధ్రం పక్కనుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా వెనక్కి జరిగాడు. హ్యాండిక్యాప్ (ఇది ఎంత తగ్గితే ఆట అంత మెరుగు) 2.6 దాకా దించాడు. అది సామాన్యమైన విషయం కాదు. సుమారు ఆరువేల గంటల దగ్గర నడుం మొరాయించింది. ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

హ్యాండిక్యాప్ అంటే గుర్తొచ్చింది. 2020 నుంచి ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి: చివరి 20 ఆటల్లో మెరుగైన ఎనిమిదింటిని తీసి లెక్క కడతారు, అత్యధికం 54. దీని పుణ్యమా అని నిన్న చేరిన విద్యార్థి పదేళ్ల సీనియర్‌తో సమానంగా పందెం కాయవచ్చు. చదరంగంలోనో బ్యాడ్మింటన్‌లోనో ఈ సౌకర్యం ఇంత చక్కగా కుదరదు.

తోటి విద్యార్థులకు ఒక హెచ్చరిక. ప్రాక్టీసులో ఒకరికొకరు ఎన్ని సలహాలైనా చెప్పుకోండి. పోటీలో మాత్రం నోరు కట్టుకోవాలి. దూరం ఎంతని అడగవచ్చు, కానీ ‘ఏ కర్రతో కొట్టావు?’ అని ప్రత్యర్థిని అడిగితే, దెబ్బలు లెక్కించే పోటీలో రెండు దెబ్బల జరిమానా. 10.2 నియమం అది. సలహా అడగదగ్గవాళ్లు మీ కేడీ, జంట ఆటలో మీ భాగస్వామి.

మన దేశంలో గోల్ఫ్ వయసు చిన్నదేమీ కాదు. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829 నాటిది. అక్కడ గడ్డి చూసుకునే ఉద్యోగి కొడుకు ఎస్. ఎస్. పి. చౌరాసియా చూసి నేర్చుకుని, 2016, 2017లలో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. చిప్పింగ్, పటింగ్ అతని బలం కనుక తోటివాళ్లు ముద్దుగా ‘చిప్పుట్సియా’ అని పిలిచారు. హైదరాబాద్‌లో గోల్ఫ్ నేర్చుకునేవాళ్లకు మరో అదృష్టం. గోల్కొండ నయాఖిలా పక్కనున్న మైదానంలో బంతి దారి తప్పినా చూపు కోట గోడ మీద పడుతుంది, నష్టమేమీ లేదు.

హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియా వెళ్లి స్థిరపడిన తెలుగు దంపతులకు 1997లో పుట్టిన సాహిత్ తీగల, పెప్పర్‌డైన్ యూనివర్సిటీ జట్టులో ఆడుతూ 2020లో హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ అనే కాలేజీ గోల్ఫ్ అవార్డులు మూడూ అందుకున్నాడు. వెన్నెముక వంకర ఉన్న పిల్లవాడు కనుక అతని స్వింగ్ పుస్తకాల్లో బొమ్మలా ఉండదు. 2023 సెప్టెంబరులో పీజీఏ టూర్‌లో తొలి టైటిల్ గెలిచాడు. మరుసటి ఏడాది టూర్ చాంపియన్‌షిప్ మూడో రోజు, ఇసుకలోంచి కొట్టబోతూ కర్ర వెనక్కి తీసేటప్పుడు కొన్ని రేణువులు కదిలాయని అతనికి అనిపించింది. ఎవరూ అడగకముందే తనే అధికారులకు చెప్పి, రెండు దెబ్బల జరిమానా వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానం. దాదాపు వందేళ్ల క్రితం, 1925 యు.ఎస్. ఓపెన్‌లో, బంతి కదిలిందని తనమీద తనే ఒక దెబ్బ వేయించుకుని, ఆ ఒక్కటి వల్లే టైలో పడి, ప్లేఆఫ్‌లో ఓడిపోయినవాడు బాబీ జోన్స్.

సాహిత్ ఆ ఇసుకలో నిలబడింది ఈస్ట్ లేక్ మైదానంలోనే.