ఇంగ్లీషు ప్యాసేజీ: జవాబున్న వాక్యం మీద వేలు పెట్టాలి

ఇంటర్ పూర్తికాగానే మన ఆసిఫాబాద్ పిల్లలు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న: "సార్, ఇంగ్లీషు పేపరు లేని ఎంట్రెన్స్ ఏదైనా ఉందా?" లెక్కల్లో, సైన్సులో మంచి మార్కులు వచ్చినవాళ్లు కూడా ఇదే అడుగుతారు. ఇంగ్లీషుకు జంకి హైదరాబాద్‌లోని మంచి విశ్వవిద్యాలయాలకు దరఖాస్తే పెట్టకుండా ఆగిపోయేవాళ్లను ఏటా చూస్తున్నాం. ఈ భయం పోగొట్టవచ్చని, దానికి వేలు పోసి కోచింగుకు పంపనక్కర్లేదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు పరీక్షల సంగతి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ల కోర్సులకు సీయూఈటీ రాయాలి. 2022లో మొదలైన ఈ పరీక్షను తెలుగులోనో ఉర్దూలోనో రాసే వీలున్నా, చాలా కోర్సులకు ఇంగ్లీషు భాషా పేపరు అడుగుతారు. 2025 నుంచి ఒక్కో పేపరుకు 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. సరైన జవాబుకు 5 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. భాషా పేపరులో సమాచారం, కథనం, సాహిత్యం అని మూడు రకాల ప్యాసేజీలుంటాయి. ఒక్కోటి 300-350 పదాలకు మించదు. నల్సార్‌లో న్యాయవిద్య చదవాలంటే క్లాట్ రాయాలి. అందులో 2020 నుంచి ఇంగ్లీషే కాదు, చట్టం, తర్కం, చివరికి లెక్కలు కూడా ప్యాసేజీ చదివే చేయాలి. అంటే చదివి అర్థం చేసుకోవడం ఒక పేపరు కాదు, పరీక్ష మొత్తం అదే.

మన పిల్లలకు ఇంగ్లీషు చదవడం రాదనలేం. గడగడా చదువుతారు. ఏం చెప్పాడో అడిగితే ఆగిపోతారు. నాజిరా వేరు, తర్జుమా వేరని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఇంగ్లీషులోనూ అంతే.

ఎందుకు ఆగుతారు? తెలుగులో, ఉర్దూలో, గోండిలో క్రియ వాక్యం చివర వస్తుంది. ఇంగ్లీషులో కర్త వెంటనే వస్తుంది. "నిన్న వచ్చిన మనిషి" అని మనం వివరం ముందు చెబుతాం, ఇంగ్లీషువాడు "మనిషి" అని చెప్పేసి వివరం తర్వాత తగిలిస్తాడు. అందుకని పొడుగు వాక్యం రాగానే పిల్లలు దారి తప్పుతారు. మేము వాళ్లకు చెప్పేది ఒక్కటే: ఎవరు, ఏం చేశారు, ఈ రెండూ పట్టుకో. మిగతాది తర్వాత చూడు.

ఇక జవాబు ఎంచుకోవడం. పిల్లల చేత చేయించడానికి మేమే ఇంగ్లీషులో ఒక చిన్న ప్యాసేజీ రాశాం. దాని సారాంశం ఇది: "కాలువ నీళ్లు వచ్చాక ఊళ్లో రైతులు జొన్న మానేసి పత్తికి మారారు. అధికారులు దీన్ని ప్రగతి అన్నారు. జొన్నలు కొనుక్కోవాల్సి వచ్చిన ముసలమ్మలు మాత్రం ఆ మాట అనలేదు." ప్రశ్న: ఈ మార్పు గురించి రచయిత ఏం చెబుతున్నాడు? చాలామంది "పత్తి వల్ల ఊరు ప్రగతి సాధించింది" అన్నదానికి టిక్కు పెట్టారు. ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించమన్నాం. వేలు "అధికారులు" అన్న మాట దగ్గరికి వెళ్లగానే ఒక అమ్మాయి నాలుక కరుచుకుంది. ఆ మాట అన్నది అధికారులు, రచయిత కాదు. మార్పు అందరికీ ఒకేలా మేలు చేయలేదన్నదే సరైన జవాబు.

పరీక్షలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. తప్పు జవాబు కూడా ప్యాసేజీలోని మాటలతోనే తయారవుతుంది. మనకు బయట తెలిసిన నిజం కూడా ప్యాసేజీలో లేకపోతే జవాబు కాదు. "ఆల్", "నెవర్", "ఓన్లీ" ఉన్న జవాబును రెండుసార్లు చూడాలి. ప్రశ్నలో "నాట్", "ఎక్సెప్ట్" ఉంటే కింద గీత గీయాలి. "బట్", "హౌఎవర్" తర్వాత వచ్చేదే చాలాసార్లు అసలు మాట.

తెలియని పదం వస్తే బెంబేలు పడొద్దు. "శాంక్షన్" అంటే మనందరికీ తెలుసు, లోను శాంక్షన్ అయిందంటాం. అదే మాట ఒక దేశం మీద ఇంకో దేశం పెట్టిన "శాంక్షన్స్" అని వస్తే మంజూరు కాదు, ఆంక్షలు. పదం అర్థం పక్క వాక్యాలే చెబుతాయి. డిక్షనరీ బట్టీ పట్టినవాడి కంటే పక్క వాక్యం చూసేవాడే నెగ్గుతాడు.

సాధన ఇలా చేయించండి. రోజుకు ఒక్క ప్యాసేజీ చాలు. మొదటి నెల గడియారం వద్దు. ఒకసారి పూర్తిగా చదివి, ఒక్కో పేరా ఏం చెప్పిందో తెలుగులోనో ఉర్దూలోనో ఒక్క వాక్యంలో రాయాలి. తర్వాత ప్రశ్నలు చూసి, జవాబు ఉన్న వాక్యం కింద గీత గీయాలి. తప్పు చేసినవి వేరే నోటుబుక్కులో ఎక్కించాలి: తొందరపడ్డానా, ప్రశ్న సరిగా చూడలేదా, వాక్యమే అర్థం కాలేదా అని. పది రోజులకే తన తప్పు ఏ రకమో పిల్లవాడికి తెలిసిపోతుంది. రెండో నెల నుంచి గడియారం పెట్టుకోవాలి. మొదట్లోనే ఇంగ్లీషు పేపరు సంపాదకీయం చేతికిస్తే గుండె జారిపోతుంది. తొమ్మిది, పది తరగతుల ఎన్సీఈఆర్టీ ఇంగ్లీషు పుస్తకాలతో మొదలుపెట్టండి. అవి నెట్‌లో ఉచితం. పాత ప్రశ్నపత్రాలు కూడా దొరుకుతాయి.

చివరగా పెద్దలకు ఒక మనవి. ఫీజులకు, పుస్తకాలకు మన సొసైటీ చేస్తున్న సాయం చిన్నది కాదు. దానికి తోడు సాయంత్రం ఒక గది, ఒక లైటు, డిగ్రీ చదివే అన్నయ్యో అక్కయ్యో ఒక గంట ఇస్తే చాలు. ఇంట్లో మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు. "ఈ జవాబు ఎక్కడుంది బేటా, వేలు పెట్టి చూపించు" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.