‘జడ్’ డ్రైవు రాత్రిపూట ఏమైంది?

ఒక బడిలో విద్యార్థుల మార్కులన్నీ ఒక కంప్యూటరులో ఉన్నాయనుకోండి. రోజూ రాత్రి వాటి నకలును సర్వరులో దాచే పని ఒక ‘సర్వీసు’ది. ఎవరూ లాగిన్ కాకపోయినా తెరవెనుక పనిచేసే ప్రోగ్రామునే సర్వీసు అంటారు.

పగలు గుమాస్తాకు సర్వరులోని ఫోల్డరు ‘జడ్’ డ్రైవుగా చక్కగా కనిపిస్తుంది. రాత్రి సర్వీసుకు మాత్రం ఆ డ్రైవే ఉండదు! నకలు చేరదు. కంప్యూటరు చెడితే మార్కులన్నీ గల్లంతే. ఎందుకిలా?

విండోస్‌లో ఆ అక్షరం ముద్దుపేరు వంటిది. ‘చిట్టి’ ఎవరో ఇంట్లోవారికి తెలుసు. పోస్టుమానుకు పూర్తి చిరునామా కావాలి. గుమాస్తా లాగిన్‌లో పెట్టిన పేరు సర్వీసు లాగిన్‌కు తెలియదు. కనుక దానికి ‘\\సర్వరు\మార్కులు’ అని పూర్తి దారి ఇవ్వాలి. ఆ ఫోల్డరులో రాయడానికి అనుమతిగల ఖాతాతో దాన్ని నడపాలి.

నకలు చేరిందో లేదో పొద్దున చూడడం మాత్రం మనిషి పనే!