గుండెపోటు జంతు నమూనాలు: శస్త్రచికిత్స మెరుగుపడితేనే ఫలితానికి విలువ

గుండెపోటుకు రూపొందించే కొత్త చికిత్సలను మనుషులపై ప్రయోగించడానికి ముందు జంతువులలో పరీక్షించడం ఆనవాయితీ. ఇందుకోసం ఆరోగ్యవంతమైన జంతువు ఛాతీని తెరచి, కరోనరీ ధమనిని దారంతో బిగించి, గుండె కండరానికి రక్తం అందకుండా చేస్తారు. అంటే వ్యాధితో పాటు శస్త్రచికిత్స గాయం కూడా ఆ జంతువులో ఉంటుంది. ఈ రెండింటి ప్రభావాలను వేరుచేయలేనప్పుడు మందు పనితీరును నిర్ధారించడం కష్టమవుతుంది.

సంప్రదాయ పద్ధతి – లోపాలు

చిట్టెలుక గుండె బరువు సుమారు 0.1 గ్రాము, నిమిషానికి 500 నుంచి 600 సార్లు కొట్టుకుంటుంది. మత్తు ఇచ్చి, శ్వాసనాళంలో గొట్టం అమర్చి, వెంటిలేటర్ సహాయంతో ఛాతీని తెరచి, ఎడమ కరోనరీ ధమనిని కట్టివేస్తారు. ముడి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా దెబ్బతినే కండర పరిమాణం మారిపోతుంది. శరీర ఉష్ణోగ్రత పడిపోతే కండర నష్టం తగ్గి, అది మందు ప్రభావంగా భ్రమింపజేస్తుంది. తీవ్రంగా దెబ్బతిన్న జంతువులు ముందే మరణిస్తే, స్వల్ప నష్టం కలిగినవే లెక్కలో మిగులుతాయి.

మెరుగైన పద్ధతులు

2010లో ప్రచురితమైన ఒక పద్ధతిలో వెంటిలేటర్ అవసరం లేదు. మాస్కు ద్వారా మత్తు ఇచ్చి, పక్కటెముకల మధ్య చిన్న రంధ్రం గుండా గుండెను క్షణకాలం వెలికి తెచ్చి, ధమనిని కట్టి, వెంటనే లోపలికి చేర్చి, ఛాతీలోని గాలిని తొలగించి మూసివేస్తారు. దీనివల్ల శస్త్రచికిత్స సమయం, మరణాలు తగ్గాయి. అయితే ఈ వేగం సాధనతోనే సాధ్యం; శిక్షణ మృత కళేబరాలపై మొదలు కావాలి.

మరో పద్ధతిలో ధమని చుట్టూ దారాన్ని ముందుగా అమర్చి ఛాతీని మూసివేస్తారు. గాయం వల్ల కలిగిన వాపు కొన్ని రోజులలో తగ్గిన తరువాత, బయటి నుంచే దారాన్ని లాగి రక్తప్రసరణను ఆపి, తిరిగి వదులుతారు. వాపు సంబంధిత పరిశోధనలకు ఇది ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. పందులలో రక్తనాళం గుండా బెలూన్ కెథీటర్‌ను పంపి, ఛాతీని తెరవకుండానే ధమనిని మూయవచ్చు.

పాటించవలసిన జాగ్రత్తలు

* శరీర ఉష్ణోగ్రతను 37 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలపాలి.
* నొప్పి నివారణ మందును కోతకు ముందే ఇవ్వాలి.
* ధమనిని కట్టకుండా మిగిలిన శస్త్రచికిత్స అంతా జరిపిన నియంత్రణ సమూహం ఉండాలి.
* జంతువులను సమూహాలకు యాదృచ్ఛికంగా కేటాయించాలి. శస్త్రచికిత్స చేసేవారికి, కొలిచేవారికి ఏది ఏ సమూహమో తెలియకూడదు.
* మృత కండరాన్ని మాత్రమే కాక, రక్తం అందని మొత్తం ప్రాంతాన్ని కూడా కొలిచి, రెండింటి నిష్పత్తిని చూపాలి.
* మరణించిన జంతువుల సంఖ్యను, కారణాన్ని, సమయాన్ని నివేదించాలి.

జంతువుల సంఖ్యపై ప్రభావం

రెండు సమూహాల మధ్య 10 శాతం పాయింట్ల తేడాను 80 శాతం సామర్థ్యంతో, 5 శాతం సార్థకత స్థాయిలో గుర్తించాలనుకుందాం. ప్రామాణిక విచలనం 20 అయితే ఒక్కో సమూహానికి సుమారు 63 జంతువులు అవసరం. అది 10కి తగ్గితే సుమారు 16 చాలు. విచలనం సగమైతే అవసరమయ్యే సంఖ్య దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుందన్నమాట. ముడి స్థానం, ఉష్ణోగ్రత, మత్తు స్థిరంగా ఉంచడంలోని ప్రయోజనం ఇదే.

రసెల్, బర్చ్ 1959లో ప్రతిపాదించిన ప్రత్యామ్నాయం, తగ్గింపు, మెరుగుదల అనే మూడు సూత్రాలలో చివరి రెండూ ఇక్కడ ఒకదానికొకటి తోడవుతాయి. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1998 నాటి నిబంధనల ప్రకారం ఇటువంటి ప్రయోగాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి. అనుమతి కోరే దరఖాస్తులో జంతువుల సంఖ్యతో పాటు, శస్త్రచికిత్స చేసేవారి శిక్షణను, పద్ధతిలోని ప్రతి మెట్టును వివరించడం పశువైద్య విద్యార్థులు తొలి ప్రయోగం నుంచే అలవరచుకోవలసిన క్రమశిక్షణ. జంతువుకు తప్పించగలిగిన బాధను తప్పించినప్పుడే ఆ ప్రయోగ ఫలితం కూడా నమ్మదగినదవుతుంది.