‘గుడ్ డే’ వేరు, ‘మంచి రోజు’ వేరు



పల్లెలలో కూడ ఇప్పుడు ఎందరో బిడ్డలు ఇంగ్లీషు మీడియం బడులకు పోవుచున్నారు. సాయంకాలము ఇంటికి వచ్చిన పిల్లవాడు ‘టుడే వాజ్ ఎ గుడ్ డే’ అంటాడు. అరుగు మీద కూర్చున్న ప్రక్కింటి అవ్వకు ఆ మాట విప్పి చెప్పితే, ‘అవును నాయనా, ఈవేళ దశమి, మంచి రోజే’ అంటుంది. ఇద్దరూ ఒకే మాట పలికినట్లున్నది గాని, ఇద్దరి తలంపు ఒకటి కాదు. ఇంగ్లీషువారు దినమునకు ముందు చేర్చే విశేషణములను కొంచెము పరిశీలిస్తే ఈ తేడా తెలుస్తుంది. ఇది చదువుకొనే బిడ్డలకే గాక ఇంటి పెద్దలకు కూడ పనికివచ్చే సంగతి.

ముందు చెప్పే మాట, తరువాత చెప్పే మాట

తెలుగులో ‘మంచి రోజు’ అంటే తెల్లవారక ముందే నిర్ణయమైన రోజు. తిథి, వారము, నక్షత్రము, వర్జ్యము చూచి చెప్పే మాట అది. ఆ రోజున తలపెట్టిన పని చెడిపోయినా అది మంచి రోజే. ఇంగ్లీషులో అట్లు కాదు. ‘ఐ హ్యాడ్ ఎ గుడ్ డే’ అన్న మాట సాధారణముగా ప్రొద్దు గూకిన తరువాత వస్తుంది. పని సాగినది, నలుగురూ ఆదరముగా మాట్లాడినారు, ఒంట్లో బాగున్నది అని దాని భావము. దానికి సరియైన తెలుగు ‘ఈవేళ బాగా గడిచింది’ అన్నదే. దినము బాగుండకపోతే మనము ‘ప్రొద్దున్నే ఎవరి ముఖము చూచి లేచానో’ అని ఎదుటివారి మీదికి నెట్టుతాము. ఇంగ్లీషువాడు ‘ఎ బ్యాడ్ డే’ అని ఊరుకుంటాడు.

‘గుడ్ మార్నింగ్’ మరియొక విధమైనది. అది తీర్పు కాదు, దీవెన. నీకు మంచి ఉదయము కలుగును గాక అని కోరే వాక్యము అరిగి అరిగి రెండు మాటలుగా మిగిలినది. అందుచేతనే వాన కురుస్తున్నా, ఇంట జబ్బు ఉన్నా గుడ్ మార్నింగ్ చెప్పవచ్చును. ‘గుడ్ బై’లోని ‘గుడ్’ అయితే మొదట మంచి అనే మాటయే కాదు. దేవుడు మీకు తోడుండును గాక అని చెప్పుకొనే మాట 16వ శతాబ్దములో కుదించుకొనిపోయి, ‘గుడ్ డే’ వంటి పలకరింపుల పోలికను బట్టి ‘గుడ్’ అయినది.

అమెరికా దుకాణములలో సరుకు కొన్నవారికి ‘హ్యావ్ ఎ నైస్ డే’ అని చెప్పి పంపుతారు. ఈ ‘నైస్’ అనే మాటకు లాటిన్ మూలములో ‘ఎరుగనివాడు’ అని అర్థము. ఇంగ్లీషులోనికి వచ్చిన క్రొత్తలో అది తెలివితక్కువ వానిని గూర్చి చెప్పే మాట! ఇంపైనది అనే భావము చాల కాలమునకు గాని రాలేదు. తరువాత దానిని అన్నిటికీ వాడసాగిరి. జేన్ ఆస్టిన్ అనే రచయిత్రి మరణించిన 1817వ సంవత్సరములోనే అచ్చయిన ‘నార్తాంగర్ యాబీ’ నవలలో, ఈ మాటను దినమునకూ నడకకూ మనుష్యులకూ ఒకే తీరుగా తగిలించుటను కథానాయకుడు ఎగతాళి చేస్తాడు.

ఆకాశమును చూచి చెప్పే మాట

ఇంగ్లండు సముద్రము మధ్యనున్న దీవిలోని దేశము. అక్కడి ఆకాశము గడియకొక తీరుగా మారుతుంది. అందుచేత ముఖపరిచయము లేని ఇద్దరు బస్సు కొరకు నిలిచియుంటే, ‘లవ్లీ డే’ అని ఒకరు మాట కలుపుతారు. మనము ‘భోజనమైనదా?’ అని అడిగినట్లే అది. ఎండ కాస్తే ‘ఫైన్ డే’, మబ్బు పట్టితే ‘డల్ డే’. కష్టకాలమునకు నాలుగు డబ్బులు దాచుకొనుటను కూడ ‘రెయినీ డే’ కొరకు దాచుకొనుట అంటారు.

మృగశిర కార్తెలో మడక సిద్ధము చేసికొని మబ్బు వైపు చూచే మన రైతుకు ఈ లెక్క తలక్రిందులుగా తోస్తుంది. మనకు వాన పడిన దినమే అందమైన దినము. అయినను మన పల్లె బడిలో చిన్నబిడ్డలు వానను పొమ్మనే ఇంగ్లీషు పాట నేర్చుకొంటున్నారు. నేర్చుకొనుటలో తప్పు లేదు గాని, ఆ పాట చలిదేశములో పుట్టినదని బిడ్డకు చెప్పవలెను.

‘డిస్మల్’ చెప్పే కథ

దిగులుగా, మబ్బుగా ఉన్న దినమును ఇంగ్లీషులో ‘డిస్మల్ డే’ అంటారు. ఈ మాట వెనుక గొప్ప పాఠమున్నది. మధ్యయుగములలో ఐరోపా క్యాలెండర్లలో నెలకు 2 చొప్పున సంవత్సరమునకు 24 దినములను చెడ్డవిగా గుర్తు పెట్టేవారు. వాటిని ‘ఐగుప్తు దినములు’ అనేవారు. ఆ దినములలో క్రొత్త పని మొదలుపెట్టరాదని, వైద్యము కొరకు రక్తము తీయరాదని నమ్మేవారు. లాటిన్‌లో ‘డియెస్ మాలి’ అంటే చెడ్డ దినములు. అదే ఫ్రెంచివారి నోట మారి, ఇంగ్లీషులో ‘డిస్మల్’ అయినది. అందులోనే దినము అనే మాట ఉన్నదని జనులు మరచిపోయి, మనము ‘గేటు తలుపు’ అన్నట్లు మరల ‘డే’ చేర్చిరి.

నేడు ఆ 24 దినములు ఎవరికీ జ్ఞాపకము లేవు. భయము పోయినది, మబ్బు మాత్రము మిగిలినది. ఇంగ్లీషువారు ఇట్టి నమ్మకములను పూర్తిగా విడిచిరని కాదు. 13వ తేదీ శుక్రవారమునాడు వస్తే జంకేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఎరుపు, నలుపు

ఆ పాత క్యాలెండర్లలోనే సంఘపు పండుగలను ఎర్ర సిరాతో వ్రాసేవారు. అందుచేత మరపురాని దినమును ‘రెడ్ లెటర్ డే’ అంటారు. మన గోడ క్యాలెండరులో ఆదివారము ఎర్రగా ఉండుటకు కూడ ఈ అలవాటే పూర్వికము. ఆపద వచ్చిన దినము నల్లనిది. 1929 అక్టోబరు 24న అమెరికాలో షేర్ల ధరలు కూలిపోయిన గురువారమునకు ‘బ్లాక్ థర్స్‌డే’ అని పేరు. ‘బ్లాక్ ఫ్రైడే’ అని సెల్ ఫోన్లలో కనబడే తగ్గింపు అమ్మకముల పేరు అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమునుండి వచ్చినది. నవంబరులో కృతజ్ఞతార్పణ పండుగ మరునాడు జనము రోడ్లన్నీ నింపివేయగా, అక్కడి పోలీసులు విసిగి ఆ పేరు వాడినారు.

మరి ప్రభువు సిలువ వేయబడిన శుక్రవారము ‘గుడ్’ ఎట్లాయెనని ప్రతి సంవత్సరము సంఘములలో అడుగుతారు. పాత ఇంగ్లీషులో ‘గుడ్’ అనే మాటకు పవిత్రమైన అనే అర్థము కూడ ఉండేది. బైబిలును ‘గుడ్ బుక్’ అనుటలో ఉన్నది అదే. అంతకు ముందు ఇంగ్లీషువారే ఆ దినమును ‘దీర్ఘ శుక్రవారము’ అనేవారు. డెన్మార్కు, స్వీడన్ దేశములలో నేటికీ అదే పేరు. జర్మనులు దుఃఖ శుక్రవారమనియు, గ్రీకులు గొప్ప శుక్రవారమనియు అంటారు. కాబట్టి ఆ ఉదయమున ‘హ్యాపీ గుడ్ ఫ్రైడే’ అని ఫోనులో పంపుట ఆ మాటకు తగదు. అది సంబరపు దినమని ‘గుడ్’ చెప్పుట లేదు, పరిశుద్ధ దినమని చెప్పుచున్నది.

ఏ పంచాంగమును ఏరి పెట్టని దినమది. అయినను సంఘము దానిని ప్రత్యేకించుకొనినది, అక్కడ జరిగిన కార్యమును బట్టియే. ఇది మన ఇండ్లకు చాల దగ్గర సంగతి. జ్వరముతో మూలుగుచున్న బిడ్డను ‘ఈవేళ మంగళవారము, రేపు చూతము’ అని ఇంట ఉంచేవారు మన మధ్య కూడ ఉన్నారు. ఇరువైపుల పెద్దలకు సమ్మతమైన పెండ్లిని అమావాస్య అడ్డమని నెలల తరబడి వాయిదా వేసేవారున్నారు. జ్వరమునకు వారము తెలియదు. బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయిన దినమే ఆ ఇంటికి మంచి దినము. దానికి పేరు ఉదయము పంచాంగములో చూడనక్కరలేదు, సాయంకాలము మనమే పెట్టుకొందము.