బొంబాయి చూడకుండా పుట్టిన బొంబాయి డిటెక్టివ్

గణేశ్ ఘోటే బొంబాయి సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్. షెర్లాక్ హోమ్స్ లాంటి మహామేధావి కాదు. పైఅధికారి కేకలకు బెదురుతాడు, ఇంట్లో భార్య ప్రతిమ మాటకు తలొగ్గుతాడు. కానీ పట్టిన కేసు వదలడు.

సృష్టికర్త హెచ్.ఆర్.ఎఫ్. కీటింగ్ ఇంగ్లీషువాడు. తన నవలలు మరీ బ్రిటిష్‌గా ఉన్నాయని అమెరికా ప్రచురణకర్తలు తిప్పి పంపితే కథను మన దేశానికి మార్చాడు. 1964లో వచ్చిన తొలి ఘోటే నవల 'ది పర్‌ఫెక్ట్ మర్డర్'కి గోల్డ్ డాగర్ బహుమతి దక్కింది. అప్పటికాయన ఇండియాలో కాలే పెట్టలేదు! దాదాపు పదేళ్ళ తర్వాత ఎయిర్ ఇండియా వాళ్ళు పిలిస్తే గానీ బొంబాయి చూడలేదు.

ఘోటే ఇంగ్లీషు మాత్రం నాకు కొంచెం ఇబ్బందే. క్రియలకు 'ఇంగ్' తగిలించే ఆ యాసతో ఇక్కడి ఆఫీసుల్లో మనల్ని అనుకరించేవాళ్ళు గుర్తొస్తారు. అయినా అతని మొండి నిజాయితీని కీటింగ్ ఎక్కడా వెక్కిరించలేదు. 1988 సినిమాలో నసీరుద్దీన్ షా ఘోటేగా వేశాడు, చూడండి.