చింతపండు పులుపు – టీబీ గోలి

 

కుడికాలు చెప్పు ఎడమకాలికి తొడిగి చూడండి, పట్టదు. చూడడానికి రెండూ ఒక్కతీరుగనే ఉంటయి, కానీ ఒకటి ఇంకొకదానికి అద్దంలో బొమ్మ. కొన్ని అణువులు కూడా ఇట్లనే కుడి, ఎడమ అని రెండు రకాలుగా ఉంటయి. వీటిని కైరల్ అణువులు అంటారు.

మన చారుకు పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లం ఇటువంటిదే. చింతచెట్టు అందులో ఒక్క రకాన్నే తయారుచేస్తుంది. 1848లో ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ రెండు రకాలూ కలిసిన టార్టారిక్ లవణం తీసుకొని, దాని స్ఫటికాలను కుడివి ఒక కుప్ప, ఎడమవి ఒక కుప్పగా ఏరి పెట్టాడు.

స్ఫటికం అంటే ఏమిటి? ప్రార్థనలో మనం నిలబడినట్టు అణువులు వరుస తప్పకుండా నిలబడడం. ఆ వరుసను పట్టి ఉంచే వాటిలో హైడ్రోజన్ బంధం ఒకటి. ఆక్సిజన్‌కో నైట్రోజన్‌కో అతుక్కున్న హైడ్రోజన్, పక్క అణువులోని ఆక్సిజన్‌ను చేయి చాపి పట్టుకున్నట్టు పట్టుకుంటది. ఒక్క పట్టు బలహీనమే, లెక్కలేనన్ని కలిస్తే గట్టి. 1979 నుండి 2009 వరకు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గౌతమ్ దేశిరాజు గారు, అనుకున్న తీరుగా స్ఫటికాలు కట్టడం ఎట్లాగో 1989లో పుస్తకం రాశారు.

ఇక టీబీ మందు సంగతి. 1961లో బయటికి వచ్చిన ఇథాంబుటాల్‌లో ఒక రకమే టీబీ క్రిమి మీద బాగా పనిచేస్తుంది. దాని అద్దం బొమ్మ దాదాపు పనికిరాదు. ఆ మందు చేసే ముడి పదార్థం ఒక క్షారం. అందులో కుడి, ఎడమ కలిసే ఉంటయి. ఏరేది ఎట్లా? దానికి ఒకే రకం టార్టారిక్ ఆమ్లం కలుపుతారు. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం అని మనం చదివినాం కదా! ఒకే చెప్పులో రెండు కాళ్లు ఒక్కతీరుగా కూర్చోవు. అట్లనే రెండు లవణాల్లో అణువుల అమరిక వేరు, హైడ్రోజన్ పట్లు వేరు, కరిగే గుణం కూడా వేరు. ఒకటి ముందుగా స్ఫటికాలై అడుగున పడుతది, రెండోది ద్రావణంలోనే ఉంటది. వడగట్టి కావలసినదాన్ని తీసుకుంటారు.

మా తండాలో ఒక తాత రెండు నెలలకే దగ్గు తగ్గిందని గోలీలు బంద్ పెడతనన్నడు. నడుమ ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారైతయి. చూపు మసకబారినా, రంగులు సరిగా కనబడకున్నా వెంటనే డాక్టరుకు చెప్పాలి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ వాళ్లకు ఈ మాట తప్పక చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థిని, కుల్కచర్ల